ఏలియా గుండీలోని కూనిరాగం

నమోదు 2206. తేమ 84.

పై వరుసలో రెండు తీగలు జారాయి. తేమ పీల్చే ఉప్పు మూట తడిసి ముద్దయింది, మార్చాను. పియానో పొట్టలో చిన్న బల్బు వెలుగుతూనే ఉంది. అది ఆరిపోతే చెక్క ఉబ్బుతుంది, నొక్కిన మెట్లు తిరిగి లేవవు.

ఈ పుస్తకంలో ఇంతవరకే రాయాలి. పియానో ఒంట్లో ఎలా ఉందో రాయమన్నారుగానీ దాన్ని వాయించే రూతమ్మకి ఎలా ఉందో రాయమని సంఘం చెప్పలేదు. ఆరేళ్ళుగా బుద్ధిగా అంతే రాశాను. ఇవాళ చెయ్యి ఆగడం లేదు. ఎవరైనా చదివి తప్పంటే అననివ్వండి, యాభై ఎనిమిదేళ్ళు వచ్చాక ఇంకెవరికి భయపడాలి?

నిన్న మధ్యాహ్నం గాలి మళ్ళినప్పుడు నాలుగో పంటు దగ్గర ఏలియా నీళ్ళలో పోయాడు. మా ఊరంటే నీళ్ళ మీద తేలే పదకొండు పంట్లు, వాటిని కలిపి పట్టుకున్న గొలుసులు. ఆ గొలుసుల బాగోగులు చూసే పని ఏలియాది. అతనికి ముప్పై ఏళ్ళుంటాయి. ఆ సమయానికి పక్కన ఎవరూ లేరు. సాయంత్రం దాకా వెతికారు, మనిషి దొరకలేదు. గుండీ దొరికింది.

నీళ్ళ మీద పనిచేసే ప్రతివాళ్ళ మెడ దగ్గరా గుండీ ఉంటుంది. మనిషి మునిగితే అది ఊడి పైకి తేలుతుంది. గొంతు ఎక్కడ లేచింది, ఎక్కడ దిగింది, అంతవరకే దాస్తుంది. ఒకప్పుడు మాటలు కూడా దాచేదట. ఎవరు ఎవర్ని ఏమన్నారో బయటపడి, పంట్లు గొలుసులు తెంచుకునేదాకా వస్తే మాటలు తీసేయించారు. ఇప్పుడు మిగిలేది రాగం ఒక్కటే.

పోయినవాళ్ళ గుండీలో చివరగా మిగిలిన రాగాన్ని తీసి, కింద కార్డులు, అంటే రెండు మూడు స్వరాలు కలిపి ఒకేసారి నొక్కేవి, వేసి తొమ్మిదో రోజున సభ పంటు మీద వాయిస్తాను. దాన్ని సాగనంపు పాట అంటాం. ఆ తర్వాత గుండీని నీళ్ళలో వదులుతారు. ఇప్పటికి నూటపన్నెండు మందిని అలా సాగనంపాను. ఏలియా నూటపదమూడోవాడు.

నమోదు 2207. తేమ 86.

సంఘం పెద్ద కొర్నేలి గుండీ తెచ్చాడు. వెనకాలే ఏలియా తల్లి దీనమ్మ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"వాడు జారిపడలేదు వదినా. పడినోడు కేకెయ్యడా? గుండీలో కేక ఉందా?" అంది.

లేదు. కొర్నేలి అప్పటికే విన్నాడు. కూనిరాగం, ఆ తర్వాత ఏమీ లేదు, అంతే.

"పొద్దున్నే ఆ తబిత వాణ్ణి ఇంటికి రావద్దంది. పక్క పంటోళ్ళంతా విన్నారు. పెళ్ళాం నోటి నుంచి ఆ మాట వింటే ఏ మొగుడికి బతకబుద్ధవుద్ది?"

"ఉండు పెద్దమ్మా. పాట చెప్పుద్ది గదా" అన్నాడు కొర్నేలి. నావైపు తిరిగాడు. "అక్కా, పాటలో దుఃఖం వినపడితే కెజియా దీనమ్మ పెద్దమ్మ కాడ పెరుగుద్ది. లేదంటే తల్లి కాడికే పోద్ది. ఇంట్లో మాటతో మనిషిని నీళ్ళపాలు చేసినోళ్ళ చేతిలో బిడ్డని ఉంచకూడదని మనం రాసుకున్నదే. అప్పటిదాకా పిల్ల నానమ్మ కాడే."

కెజియా ఏలియా కూతురు. ఆరేళ్ళు. నిన్న సాయంత్రమే పిల్ల బట్టలు దీనమ్మ పంటుకి చేరాయట.

పాట చెబుతుందని కొర్నేలి ఎంత నమ్మకంగా అన్నాడో. పాట ఏమీ చెప్పదు. చెప్పేది నా చెయ్యి. ఆ మాట అక్కడే, అప్పుడే అనాల్సింది. తలూపి గుండీ తీసుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

నమోదు 2208. తేమ 86.

పొద్దుటి నుంచీ గుండీ చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ఏడంటే ఏడే స్వరాలు. ప, గ గ రి, స స, కింది ద. ఆ ద దగ్గర కొంచెం సాగదీశాడు. ఆ తర్వాత లేదు.

ఇలాంటి రాగం బట్టలు ఆరేస్తూ తీయొచ్చు, తాడు ముడేస్తూ తీయొచ్చు, చావబోతూ కూడా తీయొచ్చు. దానికి ముఖం లేదు. ముఖం నేను పెట్టాలి.

ఎలా పెడతానో రాస్తాను, మళ్ళీ రాసే ధైర్యం వస్తుందో రాదో. చివరి ద కింద ద, స, గ కలిపి నొక్కితే మైనర్ కార్డు. గొంతులో ముద్ద అడ్డం పడుతుంది. అదే ద కింద గ తీసేసి మ నొక్కితే మేజర్. కిటికీ తీసినట్టుంటుంది. మూడు వేళ్ళలో రెండు కదలనే కదలవు. ఒక్క వేలు ఒక్క మెట్టు జరిగితే చచ్చిపోవాలనుకున్న మనిషి ఇంటికి బయల్దేరిన మనిషవుతాడు.

ఇది నేను కనిపెట్టిందేం కాదు. నీళ్ళు రాకముందు పియానో మీద నెమ్మదిగా పాడుకునే ప్రేమపాటలు ఉండేవి. మా పిన్ని పెళ్ళిళ్ళలో వాయించేది, నాకూ నేర్పింది. నాలుగే కార్డులు, అవే తిరిగి తిరిగి వస్తాయి. మాటలు చూస్తే ఏమీ ఉండదు, నువ్వు లేక నేను లేను, అంతే. అయినా వింటే మనిషి కరిగిపోయేవాడు. ఎందుకంటే పై రాగం ఊరికే నిలబడి ఉంటే కింద ఎడమచెయ్యి స, ని, ద, ప అని ఒక్కో మెట్టు దిగుతుంది. కదలని స్వరం కింద నేల దిగిపోతుంటే వినేవాడికి తను జారుతున్నట్టు ఉంటుంది. "పిల్లా, ఏడిపించేది పాడేవాళ్ళు కాదే, మనం" అనేది పిన్ని. గొప్పగా అనేది. నేనూ అంత గొప్పగానే నేర్చుకున్నాను.

మధ్యాహ్నానికి మూడు ఏలియాలు తయారయ్యారు. ఒకడు కుమిలిపోతున్నాడు. ఒకడు హాయిగా ఉన్నాడు. మూడోవాడు దేనికో బెంగపెట్టుకున్నాడు. ముగ్గురినీ వినగానే నమ్మేశాను. అదీ నాకు భయం.

నమోదు 2209. తేమ 87. రి తీగ జారింది, బిగించాను.

తబిత వచ్చింది. ఇరవయ్యారేళ్ళ పిల్ల, నాలుగు రోజుల్లో నలభై ఏళ్ళదానిలా అయింది. అన్నం ముట్టడం లేదని పక్కింటివాళ్ళు చెప్పారు. జావ కాచి ఇచ్చాను. గిన్నె పట్టుకుని కూర్చుంది, నోట్లో పెట్టుకోలేదు.

"ఏమన్నావమ్మా ఆ పొద్దున?" అని అడిగాను.

"ఇంటికి రామాక అన్నా పెద్దమ్మా. వారం నుంచి పైకప్పు కారతంది. బిడ్డ తడి పక్కలో పడుకుంటంది. ఊరి గొలుసులన్నీ చూస్తాడు, ఇంటి రేకు మాత్రం రేపు చూస్తానంటాడు. కోపమొచ్చి, అది బాగుచేసేదాకా ఇంటికి రామాక అన్నా. సగమే ఇన్నారు అందరూ."

"అతను ఏమన్నాడు?"

"ఏమన్లా. నవ్వినట్టే అనిపిచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వాడో లేదో కూడా తెలవడంలా."

గిన్నె కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది. "నామీద జాలిపడి మార్చి వాయించమాక. ఆయన ఎట్టా ఉన్నాడో అట్టాగే వాయించు. నావల్లే పోయాడని తేలితే బిడ్డనిచ్చేస్తా. తప్పు చేసి బిడ్డని పెట్టుకోను."

ఎట్టా ఉన్నాడో అట్టాగే అట. ఈ పిల్లకి ఏమని చెప్పను? ఏలియా ఎలా ఉన్నాడో గుండీకి తెలియదు, నాకు తెలియదు, పియానోకి అసలే తెలియదు. తెలుసని పదిహేనేళ్ళుగా ఊరిని నమ్మించాను. నమ్మించానని కూడా అనలేను. వాళ్ళు నమ్ముతుంటే ఊరుకున్నాను. మొదటి రెండు మూడు పాటలకి ఎవరో ఏడుస్తూ వచ్చి "మా నాన్న మనసు ఇట్టా ఉందని ఇప్పుడు తెలిసింది" అన్నారు. కాదని ఎందుకు అనాలి అనుకున్నాను. మెప్పు రుచి మరిగాను, నిజం అదే.

నమోదు 2211. తేమ 89.

నిన్నటి నమోదు ఖాళీగా వదిలేశాను. రాయడానికి ఏమీ లేక కాదు.

ఇవాళ దీనమ్మ ఒక్కతే వచ్చింది. పోట్లాటకి వచ్చిందనుకుని నేను కూడా కొంగు బిగించాను. ఆమె నెమ్మదిగా పియానో పక్కన కూర్చుని మూత మీద చెయ్యి వేసింది.

"మా ఆయనకి నువ్వు వాయించిన పాట గుర్తుందా వదినా?"

పదేళ్ళ కిందటి మాట. గుర్తుందన్నట్టు తలూపాను.

"ఆ మనిషి బతికినన్నాళ్ళూ నాతో ఒక మంచి మాటన్నది లేదు. వండింది తిని పోయేవాడు. నేనంటే ఇష్టం లేదనే అనుకున్నా. ఆ పాట ఇన్నాక తెలిసింది, లోపల ఎంత పెట్టుకున్నాడో. నా కోసం బెంగపడతానే పోయాడు. అది తెలిసింది గాబట్టే ఈ పదేళ్ళూ బతికా." కళ్ళు తుడుచుకుంది. "నా బిడ్డ మనసు కూడా అట్టాగే బయటపెట్టు. దాచమాక."

ఆమె వెళ్ళాక చాలాసేపు మూత తెరవలేకపోయాను. ఆ బెంగ ఆయనది కాదు. స కింద మామూలుగా ఉండాల్సిన కార్డులో ఒక్క స్వరం అరమెట్టు దించాను, అంతే. అలా దించితే ఇల్లు కనిపిస్తూ చేరలేకపోయినట్టు ఉంటుంది. ఆ రోజు దీనమ్మ ముఖం చూసి, పాపం అనిపించి, దించాను. ఆమె ఆ అరమెట్టు మీద పదేళ్ళు కాపురం చేసింది.

ఇప్పుడు నోరు విప్పితే తబితకి బిడ్డ దక్కొచ్చు, దీనమ్మకి మొగుడు పోతాడు. ఆమెకే కాదు, నూటపన్నెండు ఇళ్ళలో ఇంకోసారి చావు. విప్పకపోతే, ఒక పసిపిల్ల తల్లి దగ్గర ఉండాలో వద్దో నా ఒక్క వేలు తేలుస్తుంది. ఇటు తిరిగినా అటు తిరిగినా పాపమే.

నమోదు 2212. తేమ 90. బల్బు ఒకసారి ఆరి వెలిగింది.

పొద్దున లేస్తూనే తేల్చుకున్నాను. హాయిగా ఉన్న ఏలియానే వాయిస్తాను. బిడ్డ తల్లి దగ్గరికి చేరుతుంది, దీనమ్మ పాట దీనమ్మకి మిగులుతుంది, నా గుట్టు నాకుంటుంది. అబద్ధమే, కానీ ఇప్పటికే నూటపన్నెండు ఆడినదానికి ఇంకొకటి బరువా? అలా అనుకోగానే ఒళ్ళు తేలికయింది. కార్డులు సరిచూసుకున్నాను. స స దగ్గర కొంచెం దిగులు చూపించి, ద దగ్గర మేజర్ లోకి తేల్చేస్తే మబ్బు విడినట్టుంది. బాగా కుదిరింది.

తబితకి ముందే చెబితే ఒక ముద్ద తింటుందని వాళ్ళ పంటుకి వెళ్ళాను. గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"పాటలో దుఃఖం లేదమ్మా. సంతోషంగానే ఉన్నాడు" అన్నాను.

ఆమె ముఖం వెలుగుతుందనుకున్నాను. పాలిపోయింది.

"సంతోషంగానా? ఇంటికి రావొద్దంటే సంతోషమేసిందా ఆయనకి?"

నేను ఆమె పక్కన గుమ్మంలో కూర్చున్నాను.

"నన్నొదిలించుకున్నందుకు పాడుకున్నాడా పెద్దమ్మా? బిడ్డని కూడా వద్దనుకున్నాడా?"

అది కాదమ్మా, అది కాదు అంటూ ఏవేవో అన్నాను. ఏదీ ఆమె చెవికెక్కలేదు. వెనక్కి వచ్చేశాను. మంచి అబద్ధం అంటూ ఒకటి ఉంటుందనుకున్నాను. తబిత జీవితాంతం ఏ ఏలియాతో బతకాలో నేను ఎంచి ఇవ్వబోయాను. ఎవరిచ్చారు నాకు ఆ హక్కు?

నమోదు 2213. తేమ 88. తీగలన్నీ సరిచేశాను.

ఇవాళ తొమ్మిదో రోజు. పొద్దున ఎనిమిదికల్లా సభ పంటు నిండింది. ముందు వరుసలో దీనమ్మ, ఆమె చేతిలో కెజియా చెయ్యి. తబిత రెయిలింగు పట్టుకుని విడిగా నిలబడింది. కొర్నేలి గుండీని పియానో మీద పెట్టి పక్కకి జరిగాడు.

మొదట కుమిలిపోతున్న ఏలియాని వాయించాను. ఎడమచెయ్యి మెట్లు దిగింది, చివరి ద కింద మైనర్ వేసి అలాగే నొక్కి ఉంచాను. చాలామంది ఏడ్చారు. దీనమ్మ కొర్నేలి వైపు చూసి, "విన్నారుగా" అంది. తబిత కళ్ళు మూసుకుంది.

చేతులు తియ్యకుండా మళ్ళీ మొదలుపెట్టాను. అవే ఏడు స్వరాలు, కింద రెండో రకం. చివర మబ్బు విడింది. ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు ఆపి తలలెత్తారు. రెండో పంటు ముసలాయన కన్నీళ్ళు ఆరకుండానే చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు తనదేనని అనుకుంటున్నాడు పాపం.

కొర్నేలి దగ్గరికి వచ్చాడు. "అక్కా, ఇందులో ఏది అసలుది?"

"రెండూ నేను కట్టినవే" అన్నాను. "ఏలియాది ఇది."

ఒక్క వేలితో వాయించాను. ప, గ గ రి, స స, ద. కింద ఏమీ లేకపోతే ఎంత సన్నగా ఉందో. ఎవరూ ఏడవలేదు, ఎవరూ నవ్వలేదు. ముఖాలు చూసుకున్నారు.

"గుండీలో ఉండేది ఇంతే. దుఃఖమో సంతోషమో కింద నేను వేస్తే వస్తుంది. ఎవరి పాటకైనా అంతే. పై వరుస మీవాళ్ళది, కిందదంతా నాది. పోయినవాళ్ళ మనసు నాకెప్పుడూ తెలియలేదు. తెలియదని ముందే చెప్పనందుకు నన్ను ఏమన్నా పడతాను."

వెనక నుంచి ఎవరో, "మా అమ్మదీ అంతేనా?" అన్నారు. అంతే అన్నాను. ఇంకెవరో అడిగారు. వాళ్ళకీ అదే చెప్పాను. దీనమ్మ అందరికన్నా ఆఖరున అడిగింది. గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"మా ఆయనదీ?"

"అదీ నేనే వదినా."

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఒళ్ళోకి చూసుకుంటూ కూర్చుంది. కొర్నేలి గుండీని అటూ ఇటూ తిప్పాడు. చివరికి, "తెలవని దాన్ని పట్టుకుని తల్లీబిడ్డల్ని విడదియ్యలేం" అన్నాడు. దీనమ్మ తలెత్తలేదు. కెజియా చెయ్యి మాత్రం వదిలేసింది. పిల్ల నానమ్మ ముఖంలోకి ఒకసారి చూసి తల్లి దగ్గరికి పరిగెత్తింది.

గుండీని తబితే నీళ్ళలో వదిలింది. జనం వెళ్ళిపోయాక పిల్లని చంకనేసుకుని నా దగ్గరికి వచ్చింది.

"అయితే ఆయన ఏమనుకున్నాడో ఎవరికీ తెలవదా?"

"తెలవదమ్మా."

పిల్లని ఇంకో చంకకి మార్చుకుంది. "తెలవకపోవడాన్నయితే ఎట్టాగోట్టా మోస్తా పెద్దమ్మా" అంది. ఇంటికి పోయి పిల్లతో కలిసి అన్నం తిన్నదని తర్వాత విన్నాను.

నమోదు 2215. తేమ 85.

రెండు రోజులుగా నా పంటుకి ఎవరూ రాలేదు. ఎదురుపడినవాళ్ళు తలతిప్పుకుంటున్నారు. సాగనంపు పాటలు ఉంచాలా తీసేయాలా అని సంఘం మాట్లాడుకుంటోందట. తీసేస్తే తీసేయనీ. నిజం చెప్పడం తప్పు కాదని నాకు తెలుసు. తెలిసినా ముద్ద దిగడం లేదు.

పదింటికి దీనమ్మ వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. ఆమె నా వైపు చూడకుండా పియానో పక్కన కూర్చుంది.

"కిందదంతా నీదన్నావు. సరే. పైది ఆయనదే గదా. అదొక్కటే ఇనిపించు."

గుండీ పదేళ్ళ కిందటే సముద్రంలో కలిసింది. నేను మెట్ల మీద వేళ్ళు పెట్టాను. కింద వేసిన కార్డులు వరసగా గుర్తొచ్చాయి, ఒక్కటి తప్పిపోలేదు. పైన ఆయన రాగం ఏమిటో గుర్తు రాలేదు. ఎంత తడుముకున్నా నావే గుర్తొచ్చాయి. ఆ మనిషిది ఒక్క స్వరం కూడా నా దగ్గర మిగల్లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"గుర్తులేదు వదినా" అన్నాను.

"నాకుంది. పదేళ్ళ నుంచి రోజూ పాడుకుంటన్నా" అంది దీనమ్మ. కళ్ళు మూసుకుని పాడింది. నాలుగు స్వరాలు. మ దగ్గర ఊపిరి బిగబట్టి, ఆలస్యంగా గ లోకి దిగి, రి, స.

అది ఆయన రాగం కాదు. మ మీద ఆపి, అందరూ గ కోసం ఎదురుచూసేలా చేసి అప్పుడు దిగడం నా చేతి అలవాటు. ప్రతి పాట చివరా, పోయినవాళ్ళ రాగం అయిపోయాక వేస్తాను, నూటపన్నెండింటిలోనూ ఉంది. మొగుడిదని ఆమె పదేళ్ళుగా దాచుకున్నది నా చేతినే.

"ఇదేనా వదినా? ఇది ఆయనదేనా?"

మొన్న ఊరందరి ముందు నిలబడి నిజం చెప్పినదాన్ని నేనే. ఇక్కడ మేమిద్దరమే ఉన్నాం. ఆమె కళ్ళు తెరిచి నా ముఖంలోకి చూస్తోంది.

"ఆయనదే" అన్నాను.

"అయితే వాయించు. కింద ఏం వెయ్యమాక."

ఒక్క వేలితో వాయించాను.